ఏమీ అందని వరుస

"టీ, బిస్కెట్ల సంగతి నువ్వు చూసుకో. మొక్కల సంగతి నేను చెప్తాను."

ఈ మాట అంటున్నప్పుడు భర్త అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకుంటున్నాడు. ఆమె అతని చొక్కా ఇస్త్రీ చేస్తోంది. కాలరు దగ్గర మొండి మడత ఒకటి ఎంతకీ పోవడం లేదు. కాసిని నీళ్ళు చిలకరించి పెట్టెని గట్టిగా అదిమింది. మర్నాడు వాళ్ళ పరిశోధన కేంద్రానికి ద్రాక్ష తోటల వాళ్ళు వస్తున్నారు. వాళ్ళకి చూపించబోయేవి ఆమె మొక్కలు. ఆలోచన ఆమెది, తీగ ముక్కలు కోసి నాటింది ఆమె, ఎండలో కూర్చుని ఆకు ఆకూ కొలిచింది ఆమె. వాటి గురించి నలుగురి ముందు చెప్పేది మాత్రం ఆయన. ఎందుకంటే ఆయన విభాగాధిపతి. ఆమె అదే విభాగంలో కింది మెట్టు మీద ఆగిపోయిన శాస్త్రవేత్త. ఆ మాట మెడలో వేసుకునే గుర్తింపు కార్డు మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు.

"అలాగే" అంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ మాట ఆమె నోట్లో సిద్ధంగా ఉంటూ వస్తోంది. అడగడమే తరువాయి, ఊడిపడుతుంది. చొక్కా హేంగరుకి తగిలించి, ఆయన అలాగే వదిలేసిన గడ్డం నురగని సింకులోంచి కడిగేసి, అత్తగారికి మాత్రలు ఇచ్చి, గిన్నెలు తోమి, ఆయన కంటే ముందు ఆఫీసుకి చేరింది. ఆయన కారులో వస్తాడు. ఇద్దరిదీ ఒకే ఆఫీసు అయినా, ఆయన బయల్దేరే వేళకి ఈమె మొక్కల దగ్గర కొలతలు తీయడం కూడా అయిపోవాలి కాబట్టి ఈమెది బస్సు.

ఆ ప్రాంతంలో బోర్లన్నీ ఉప్పుబారిపోయాయి. వేరే నీళ్ళు లేవు. ముదురు తోటలు ఎలాగో నెట్టుకొస్తాయి గాని, కొత్తగా నాటినవి మొదటి ఏడాదే చేతులెత్తేస్తాయి. లేత ద్రాక్ష మొక్క ఉప్పునీళ్ళకి ఒక్క రోజులో చచ్చిపోదు. చస్తే ఎవరికైనా తెలుస్తుంది. ముందు కింది ఆకుల అంచులు ఎర్రబడి, గోధుమరంగుకి తిరిగి, అగ్గిపుల్లతో చుట్టూ కాల్చినట్టు మాడతాయి. ఆ మాడు రోజురోజుకీ ఈనెల వైపు పాకుతుంది. చిగురు చిన్నదైపోతుంది. కుండీలో మట్టి తడిగానే ఉంటుంది, అయినా మొక్క తాగలేదు, నీటిని ఉప్పు పట్టి ఉంచుతుంది కాబట్టి. చూసేవాళ్ళు మాత్రం కుండీలో వేలుపెట్టి, తడి ఉందిగా, ఇంకేం రోగం అంటారు.

ఆమె నీడవల కింద నాలుగు వరుసలు పెట్టింది. మొదటి వరుసకి మంచినీళ్ళు. మిగతా మూడింటికీ బోరు నీళ్ళే. అందులో ఒక వరుసకి ఆకుల మీద మందు పిచికారీ. చివరి వరుసకి ఆ పిచికారీతో పాటు మట్టిలో మాగిన ఎరువు, పైన ఎండుగడ్డి కప్పు, అప్పుడప్పుడూ ఒకసారి కుండీ అడుగునుంచి కారిపోయేంత మంచినీళ్ళు, వేళ్ళ దగ్గర పేరుకున్న ఉప్పు కడుక్కుపోవడానికి. ఆ చివరి వరుస ఇప్పుడు మంచినీళ్ళు తాగిన వరుసతో భుజం కలిపి నిలబడింది. ఎవరొచ్చినా దాని ముందే ఆగుతారు. ఇక రెండో వరుస. దాన్ని ఆఫీసులో కంట్రోలు అంటారు. దానికి ఉప్పునీళ్ళు తప్ప ఇంకేమీ ఇవ్వరు. ఇచ్చిన సాయం ఎంత పని చేసిందో తెలియాలంటే, సాయం అందనిది ఒకటి పక్కనే ఉండాలి. అది లేకపోతే బాగున్న మొక్క ఎందుకు బాగుందో చెప్పడానికి ఆధారమే ఉండదు.

సెలవురోజుల్లో నీళ్ళు పోసే మనిషి రాడు, ఆమే వెళ్ళాలి. సెలవు పూట కూడా మొక్కలేనా, ఇంట్లో ఉన్నవాళ్ళం మనుషులం కామా అని భర్త విసుక్కుంటాడు. మర్నాడు సమావేశంలో మాత్రం, మా విభాగంలో సెలవుల్లో కూడా పని ఆగదండీ అని ఛాతీ విరుచుకుంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. పైకి మాత్రం నవ్వినట్టు మొహం పెట్టి కూర్చుంటుంది. అలా మొహం పెట్టడం కూడా ఆమె చేసే పనుల్లో ఒకటి.

వాళ్ళిద్దరూ ఒకే తరగతిలో చదువుకున్నారు. అప్పట్లో ఒకరినొకరు నువ్వు అనుకునేవాళ్ళు. వేరుకుళ్ళు తెగుళ్ళ పాఠం అతనికి ఎంతకీ బుర్రకెక్కకపోతే ఆమే కాంటీను బల్ల మీద బొమ్మలు గీసి చెప్పింది. ఒకే రోజు ఉద్యోగంలో చేరారు. పెళ్ళయ్యాక ఆమె మీరు అనడం మొదలుపెట్టింది, అతనికి ఆ అవసరం రాలేదు. పాప పుట్టింది. పాపకి జ్వరం వస్తే సెలవు ఆమె పెట్టింది, టీకా వేయించాలన్నా, బళ్ళో రమ్మని పిలిచినా ఆమే పెట్టింది. అతను డాక్టరేటు చేస్తున్న రోజుల్లో ఇంట్లో చప్పుడు కాకూడదని పాపని ఎత్తుకుని మేడ మీద పచార్లు చేసింది. ఆ తర్వాత రాత ప్రతిలో తప్పులు దిద్దింది కూడా ఆమే, వేరుకుళ్ళ అధ్యాయంతో సహా. అతను పైదేశం శిక్షణకి వెళ్ళాడు. తిరిగొచ్చాక ఆమె వంతు వచ్చింది. సరిగ్గా అప్పుడే అత్తగారికి మోకాళ్ళ ఆపరేషను. ఇప్పుడు వెళ్తానంటే ఎవరేమనుకుంటారు అన్నాడు. ఆ అనుకునేవాళ్ళెవరో ఆమె ఇప్పటికీ కనిపెట్టలేకపోయింది.

అలా ఏళ్ళు గడిచి, ఒకరు మెట్లెక్కారు, ఒకరు ఎక్కలేదు. దానికి లోకం చెప్పుకున్న కారణం ఒక్కటే. "మావాడు మొదట్నుంచీ చురుకు. అమ్మాయి మంచిదే గాని కాస్త నెమ్మది" అని అత్తగారు. "ఆవిడకి అంత ఆశ లేదండీ, ఇల్లే ప్రపంచం" అని భర్త, మెచ్చుకుంటున్నట్టు. ఆడపడుచైతే ఒక పెళ్ళిలో పదిమంది ముందు, మా అన్నయ్య వెనకాల ఉండబట్టి గాని వదినకి ఈ ఉద్యోగమైనా నిలిచేదా అంది. ఆమె చేతిలో ఆ నిమిషాన అన్నయ్యగారి కోటు ఉంది. ఆయనకి ఉక్కపోస్తోందని విప్పి ఇచ్చాడు. దాన్ని నేలమీద పడేసి వచ్చేయాలనిపించింది. మడతపడకుండా పట్టుకుని నిలబడింది.

కిందటి నెలలో ఒక సెలవునాడు భర్త స్నేహితులతో ఆటకి వెళ్ళాడు, పాప పరీక్షకి చదువుకుంటానంది. అత్తగారిని వదిలి వెళ్ళడం కుదరక ఆమె వెంట తీసుకెళ్ళింది. నీడవల కింద కుర్చీ వేసి కూర్చోబెట్టి, తను ట్యాంకు దగ్గరికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి పెద్దావిడ కర్ర పోటేసుకుని రెండో వరుస మధ్యలో నిలబడి, తాగడానికి తెచ్చుకున్న సీసాలో నీళ్ళు ఒక కుండీలో పోస్తోంది.

"అయ్యో, అదేం పని అత్తయ్యా! వాటికి మంచినీళ్ళు పోయకూడదు."

"ఏం, ఎందుకు పోయకూడదు? మాడిపోతున్నాయి, కళ్ళు కనబట్టంలా? ఆ చివర వాటికి ఎరువూ గడ్డీ అన్నీ పెట్టావు. ఇవేం పాపం చేశాయి?"

ఏమీ ఇవ్వకపోతే ఎలా ఉంటుందో తెలియడానికి అలా ఉంచామని ఆమె ఓపిగ్గా చెప్పింది. పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని మాడిన ఆకుని వేళ్ళతో నలిపి చూసింది. అది పొడుం పొడుం అయింది.

"ఆ మాత్రం తెలుసుకోడానికి ఒకదాన్ని ఎండగట్టాలా?" అంది.

ఆమె ఆ కుండీని పక్కకి తీసి పెట్టింది, లెక్కలోకి రాదు కాబట్టి. ఈవిడకి ఆకు మాడితే కనిపిస్తుంది. ఇన్నేళ్ళుగా ఈవిడ ఎదురుగా, ఈవిడ వంటింట్లో, ఈవిడ మందుల పెట్టె పక్కన ఒక మనిషి అంచులనుంచి మాడుకుంటూ వస్తే కనిపించలేదు. పైగా నెమ్మది అని పేరు పెట్టింది. ఒకే తరగతి, ఒకే ఉద్యోగం, ఒకే రోజు. ఒకరికి వేళకి భోజనం, ఇస్త్రీ చొక్కా, నిశ్శబ్దం, తప్పులు దిద్దే మనిషి. రెండో మనిషికి ఉత్త ఉప్పునీళ్ళు. చివరికి ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి ఏది మంచి రకమో తేల్చారు. ఆమెకి ఏడుపు కాదు, కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియనంత కోపం. కుండీ కింద పెట్టి, చేతులు కడుక్కుని, పెద్దావిడకి చెయ్యి ఆసరా ఇచ్చి బస్సెక్కించింది.

ఇస్త్రీ చేసిన ఆ రోజే, మధ్యాహ్నం డైరెక్టరుగారు ఏర్పాట్లు చూడటానికి వచ్చారు. చివరి వరుస ముందు ఆగి, భేష్ అన్నారు. రెండో వరుస దగ్గర మొహం చిట్లించి, వచ్చేవాళ్ళకి ఈ దరిద్రం ఎందుకు, మన కేంద్రంలో మొక్కలు చస్తున్నాయనుకుంటారు, తీయించేయండి అన్నారు. ఆమె భర్త వైపు చూసింది. కంట్రోలు లేకుండా ఫలితం చూపించడమంటే ఏమిటో ఆయనకి తెలియనిది కాదు. "అలాగేనండీ, షెడ్డు వెనక పెట్టిస్తాను. ఫొటో ఒకటి అతికిస్తే చాలు" అన్నాడు. ఆమె ఏదో చెప్పబోతే, చూద్దాంలే అన్నట్టు చెయ్యి ఊపాడు.

వెళ్ళబోతూ డైరెక్టరుగారు ఆమెతో ఇంకో మాట కూడా అన్నారు. "సముద్రం వైపు తోటల్లో ఆరు నెలలుండి ఈ పద్ధతి చేసి చూపించాలి. మిమ్మల్నే పంపుదామనుకున్నానమ్మా. మీకు ఇల్లు వదలడం కుదరదట కదా, మీ ఆయన చెప్పారు. పోనీండి, ఆయనే వెళ్తానంటున్నారు. రేపు అందరి ముందూ ప్రకటిద్దాం."

ఆమెని ఎవరూ అడగలేదు. తన మొక్కలు, తన పద్ధతి, తను వెళ్ళాల్సిన చోటు. వాటి గురించి ఇద్దరు మగవాళ్ళు మాట్లాడుకుని, తనకి కుదరదని తేల్చేసుకున్నారు. సాయంత్రం ఇంట్లో అడిగింది. అడిగేటప్పుడు ఆమె చేతిలో కూరగాయల కత్తి ఉంది, గొంతులో మాత్రం ఎప్పటి మెత్తదనమే ఉంది. నాకు కుదరదని మీతో ఎప్పుడు చెప్పాను అంది. ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండా, చెప్పాలా ఏంటి, అమ్మ ఉంది, పాప ఉంది, నీకే కష్టమని నేను ముందే అడ్డుపడ్డాను, దానికి కూడా తప్పు పడితే ఎలా అన్నాడు. ఆయన గొంతులో దొంగతనం లేదు. నిజంగానే మేలు చేశాననుకుంటున్నాడు. అది ఆమెకి ఇంకా ఒళ్ళు మండించింది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళింది. కుటుంబాల్ని కూడా తీసుకురమ్మన్నారు కాబట్టి అత్తగారిని తీసుకురావడం ఆ రోజు ఆవిడ కొడుకు వంతైంది. ఆఫీసులో ఇంకా ఎవరూ లేరు. షెడ్డు వెనక రెండో వరుస కుండీలు చెత్తబుట్టల పక్కన ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి. తడిమట్టితో కుండీ ఒక్కొక్కటి బిందెడు బరువు. నడుముకి ఆనించుకుని ఒక్కొక్కటే మోసి, ఎక్కడివక్కడ పెట్టింది. చివరిది పెట్టేసరికి చీర కుచ్చిళ్ళు మట్టికొట్టుకున్నాయి. దులుపుకోలేదు. టీ సంగతి కాంటీను మేనేజరుకి అప్పజెప్పింది. అది మొదట్నుంచీ అతని పనే.

తోటల వాళ్ళు వచ్చారు. భర్త ఇస్త్రీ చొక్కాలో, మైకు పట్టుకుని మొదటి వరుస దగ్గర మొదలుపెట్టాడు. రెండో వరుస కళ్ళబడగానే ఒక్క క్షణం తడబడ్డాడు. ఆమె వైపు చూశాడు. అది ఇంట్లో చూసే చూపు. ఆమె కళ్ళు దించలేదు. ఆయన ఆ వరుసని దాటేసి గబగబా చివరి వరుసకి పోయి, మా విభాగం, మా కృషి అంటూ అందుకున్నాడు. డైరెక్టరుగారు ఎండిన ఆకులకి వీపు పెట్టి నిలబడ్డారు.

గుంపులోంచి ఒక తోటకామందు చెయ్యెత్తాడు. గుబురు మీసాల మనిషి, ఎర్రబడ్డ మెడ. రెండో వరుసకేసి చూపించి అడిగాడు. "సార్, మీరు దీన్ని వదిలేశారు. ఇది బలంలేని రకమా? పేరు చెప్తే మేం నాటకుండా జాగ్రత్తపడతాం."

ఎవరో నవ్వారు. భర్త గొంతు సవరించుకుని, అంటే అది, ప్రయోగంలో ఒక భాగం అని ఏదో మొదలుపెట్టాడు. కామందుకి అర్థంకాలేదు. ఆమెకి ఇస్త్రీ పెట్టె, కోటు, మేడ మీద పచార్లు, షెడ్డు వెనక చెత్తబుట్టలు అన్నీ ఒక్కసారే గొంతులోకి వచ్చాయి.

"కాదండీ" అంది. మైకు లేదు. అయినా అందరూ వెనక్కి తిరిగారు. ఆమె గుంపుని తప్పించుకుంటూ ముందుకి వెళ్ళి, మాడిన మొక్క పక్కన నిలబడింది. "ఇవి బలంలేని రకం కాదు. మీరు మెచ్చుకుంటున్న ఆ చివరి వరుసా, ఇదీ ఒకే తల్లి తీగ నుంచి, ఒకే రోజు నేనే కోసి నాటాను. వాటికి అన్నీ పెట్టాం. వీటికి ఏమీ పెట్టలేదు. అయినా ఇవి చావలేదు, చూడండి. రకాన్ని తిట్టేముందు దానికి ఏమిచ్చారో అడగాలి."

వెనక కుర్చీలో కూర్చున్న అత్తగారు కళ్ళజోడు సర్దుకుంది. కామందు మీసం గోక్కుని, వంగి మొక్కని పరీక్షగా చూశాడు. ఇప్పుడు సాయం చేస్తే కోలుకుంటాయా, లేక టైము దాటిపోయిందా అని అడిగాడు. ఆ ప్రశ్న ఆమె ఊహించలేదు. మాడిన ఆకు ఒకదాన్ని వేలితో పైకెత్తింది.

"మాడిన ఆకు మళ్ళీ పచ్చబడదండీ. అది పోయినట్టే" అంది. "ముందు వేళ్ళ దగ్గర పేరుకున్న ఉప్పు కడిగెయ్యాలి. కాస్తా కూస్తా కాదు, కింద నుంచి కారిపోయేంత నీళ్ళు పొయ్యాలి. అప్పుడు ఇదిగో, ఈ కణుపు దగ్గర కొత్త చిగురు వేస్తుంది."

ఆ తర్వాత ప్రశ్నలన్నీ ఆమెనే అడిగారు. గడ్డి ఎంత మందం పరచాలి, నీళ్ళు ఏ వేళ పెట్టాలి, మందు ఆకు కింద కొట్టాలా పైన కొట్టాలా. భర్త చేతిలో మైకు అలాగే ఉండిపోయింది. మాటలు సద్దుమణిగాక డైరెక్టరుగారు, సముద్రం వైపు తోటలకి మా విభాగాధిపతిగారు వస్తారని చెప్పబోతుంటే ఆమె అడ్డుపడింది.

"నాకు కుదరదని ఎవరో పొరపాటుగా చెప్పారు సార్. నేను వెళ్తాను."

కామందులు ఈవిడే రావాలన్నారు. డైరెక్టరుగారు ఇద్దరి మొహాలూ చూసి, సరేనమ్మా అన్నారు. అంత మంది ముందు ఇంకేమనగలరు.

సాయంత్రం వంటింటి గుమ్మంలో భర్త నిలబడి ఉన్నాడు. పదిమందిలో నా పరువు తీశావు అన్నాడు. నీకు ఏం తక్కువ చేశానని అన్నాడు. ఆ ప్రశ్నకి జవాబు చాలా పొడుగు. చివరికి అసలు సంగతికి వచ్చాడు.

"సరే, వెళ్తావు. మరి ఈ ఇల్లు? వంటా, పాప చదువూ, అమ్మ మందులూ, నా పనులూ? ఆరు నెలలు ఇవన్నీ ఎవరు చూస్తారు?"

"నా మందులు నేను వేసుకోగలను" అంది అత్తగారు హాల్లోంచి. "టీ కూడా పెట్టుకోగలను. వాడికే రాదు."

ఆమె సింకు దగ్గర చేతులు కడుక్కుంటోంది. గోళ్ళ సందుల్లో ఇరుక్కున్న మట్టిని తాపీగా తీసింది. ఆయన ఉదయం వదిలేసిన టీ కప్పు సింకులో అడుగున ఎండిపోయి ఉంది. చెయ్యి అలవాటుగా దానిమీదికి వెళ్ళింది. ఆగి, దాన్ని అక్కడే వదిలేసి, కుళాయి కట్టేసింది.

"ఎవరూ చూడరు" అంది చేతులు తుడుచుకుంటూ. "నా సాయం అందకపోతే నువ్వెలా ఉంటావో తెలియాలిగా. పోలికకి ఒక వరుస ఉండాలి."